గాలి ఇసుకను ఎంత మోస్తుంది? రిఫైనరీల్లో ఇంకా తెగని లెక్క

కళ్లంలో ధాన్యం తూర్పారబట్టేవాళ్లకు గాలి లెక్క బాగా తెలుసు. చేటను తలపైకి ఎత్తి వడ్లను సన్నగా జారవిడిస్తే గట్టి గింజ కాళ్ల దగ్గరే పడుతుంది. తాలు నాలుగడుగుల దూరం పోతుంది. పొట్టు ఇంకా ముందుకు కొట్టుకుపోతుంది. గాలి ఒక్కటే, చేట ఎత్తిన ఎత్తూ ఒక్కటే. అయినా గాలి ఒక్కోదాన్ని ఒక్కో దూరానికి మోసుకుపోయింది. గాలి మరీ ఎక్కువైతే గింజ కూడా పొట్టుతో పాటే పోతుంది. మరీ తక్కువైతే తాలు గింజలోనే కలిసిపోతుంది. ఏ గాలికి చేటను ఎంత వంచాలో మన పెద్దవాళ్లు చేతి అంచనాతోనే తేల్చేవారు.

హోసూరు, కోలారు, రాయగడ, చంద్రపూర్, యానాం.. ఎక్కడి తెలుగు ఇంట్లోనైనా తూర్పారబట్టడం, చెరగడం అనే మాటలు ఉన్నాయి. బలాల పాఠం చెప్పేటప్పుడు మేం ఈ మాటల దగ్గరే మొదలుపెడతాం. ఎందుకంటే రిఫైనరీలో పెట్రోలు తయారుచేసే ఒక పెద్ద యంత్రం గుండెకాయలో ఉన్నదీ ఇదే లెక్క. అక్కడ చేట ఉండదు, ఇరవై అంతస్తుల ఎత్తున ఉక్కు గొట్టాలూ తొట్లూ ఉంటాయి. వడ్లు ఉండవు, ఉప్పుకన్నా సన్నని పొడి వందల టన్నులు ఉంటుంది. దాన్ని గాలి, ఆవిరి కలిసి రాత్రింబవళ్లు తిప్పుతూనే ఉంటాయి. ఆ పొడిని వాయువు ఎంత బలంతో ఈడ్చుకుపోతుందో కచ్చితంగా చెప్పాలని ఇంజినీర్లు డెబ్భై ఏళ్లకు పైగా ప్రయత్నిస్తున్నారు. చాలా దూరం వచ్చారు కానీ లెక్క ఇంకా పూర్తిగా తెగలేదు.

విశాఖపట్నం, చెన్నై దగ్గరి మణలి, ఒడిశాలోని పారాదీప్, కర్ణాటకలోని మంగళూరు, ముంబయి.. ఈ అన్ని చోట్లా రిఫైనరీల్లో ఇలాంటి యూనిట్లు ఉన్నాయి. అంటే మన పాఠశాలలున్న రాష్ట్రాల్లోనే ఈ లెక్క రోజూ నడుస్తోంది. అందుకే ఈ వారం దాని సంగతి చూద్దాం.

ఇసుక నీళ్లలా మారితే

నిలువుగా ఉన్న ఒక గొట్టం అడుగున సన్న రంధ్రాల పళ్లెం బిగించి, పైన ఇసుక పోశామనుకోండి. కింది నుంచి మెల్లగా గాలి ఊదితే అది గింజల మధ్య సందుల్లోంచి బయటికి పోతుంది, ఇసుక కదలదు. గాలి పెంచుతూ పోతే ఒక దశలో పైకి తోసే బలం మొత్తం ఇసుక బరువుకు సరిపోతుంది. అప్పుడు గింజలు ఒకదాని మీద ఒకటి ఆనుకోవడం మానేసి తేలుతాయి. ఇంకా పెంచితే నీళ్లు మరుగుతున్నట్టు బుడగలు పుట్టి పైకి వచ్చి పగులుతాయి.

ఈ స్థితిలో ఇసుక అచ్చం ద్రవంలా ఉంటుంది. గొట్టాన్ని వంచినా పైమట్టం సమంగానే నిలుస్తుంది. పక్కన రంధ్రం చేస్తే ధారగా కారుతుంది. ప్లాస్టిక్ బంతి పైన తేలుతుంది, ఇనుప గుండు మునిగిపోతుంది. దీన్నే ఇంజినీర్లు ఫ్లూయిడైజ్డ్ బెడ్ అంటారు. ద్రవంలా మారిన పొర అని అర్థం చెప్పుకోవచ్చు.

1920ల్లో జర్మనీలో ఫ్రిట్జ్ వింక్లర్ లిగ్నైట్ బొగ్గును వాయువుగా మార్చడానికి ఈ పద్ధతిని పరిశ్రమలోకి తెచ్చారు. దీనికి అసలు ఊపు వచ్చింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో. విమానాలకు మంచి పెట్రోలు కావలసి వచ్చింది. అమెరికాలోని ఎంఐటీలో వారెన్ లూయిస్, ఎడ్విన్ గిలిలాండ్ చేసిన ప్రయోగాలు దారి చూపాయి. స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ న్యూజెర్సీ ఇంజినీర్లు లూసియానా రాష్ట్రంలోని బాటన్ రూజ్‌లో 1942 మే నెలలో మొదటి ఫ్లూయిడ్ క్యాటలిటిక్ క్రాకింగ్ యూనిట్‌ను నడిపించారు. పొడవుగా ఉన్న ఈ పేరును పొడి అక్షరాల్లో ఎఫ్‌సీసీ అంటారు. నేటికీ ప్రపంచంలో పెట్రోలు తయారీకి ఇది ముఖ్యమైన దారుల్లో ఒకటి.

ఇది పనిచేసే తీరు చూడండి. చిక్కటి, బరువైన నూనెను వేడి ఉత్ప్రేరకపు పొడి మీద చల్లుతారు. అది 500 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో ఆవిరై, పొడిని వెంటబెట్టుకుని నిలువు గొట్టంలో పైకి దూసుకుపోతుంది. ఆ కొద్ది సెకన్లలోనే పెద్ద అణువులు విరిగి పెట్రోలు, వంటగ్యాస్ లాంటివి అవుతాయి. పొడి మీద మాత్రం మసి పేరుకుంటుంది. ఆ పొడిని పక్కనున్న తొట్టిలోకి దించి, గాలి ఊది మసిని కాల్చేస్తారు. అక్కడ వేడి 700 డిగ్రీల దాకా వెళ్తుంది. శుభ్రపడి కాలిన పొడి మళ్లీ నూనె దగ్గరికి వస్తుంది. పెద్ద యూనిట్లలో ఇలా నిమిషానికి పదుల టన్నుల పొడి తిరుగుతుంటుంది. దాన్ని తిప్పడానికి బకెట్లూ లేవు, బెల్టులూ లేవు. వాయువు ఈడ్పు, భూమి ఆకర్షణ.. ఈ రెండే పనిచేస్తాయి.

ఒక్క గింజ లెక్క సులభం

గాలిలో పడుతున్న ఒక గింజ మీద ముఖ్యంగా రెండు బలాలు పనిచేస్తాయి. బరువు కిందికి లాగుతుంది, గాలి పైకి ఈడుస్తుంది. గింజ వేగం పెరిగేకొద్దీ ఈడ్పు కూడా పెరుగుతుంది. రెండూ సమానమైన చోట వేగం ఇక పెరగదు. అదే చరమ వేగం.

సన్నని గుండ్రటి గింజకు ఈ ఈడ్పు ఎంతో 1851లో జార్జ్ గాబ్రియేల్ స్టోక్స్ తేల్చారు. ఈడ్పు గింజ వ్యాసానికి, వేగానికి, వాయువు స్నిగ్ధతకు అనులోమానుపాతంలో ఉంటుంది. బరువేమో వ్యాసం ఘనానికి అనులోమానుపాతంలో పెరుగుతుంది. రెండింటినీ సమానం చేస్తే చరమ వేగం వ్యాసం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని వస్తుంది. రాయి దబ్బున పడి, అదే రాయి పొడి గాల్లో తేలాడడానికి కారణం ఇదే. గింజ పెద్దదై వేగం పెరిగితే స్టోక్స్ సూత్రం చాలదు, వెనక సుడులు మొదలవుతాయి. అప్పుడు రేనాల్డ్స్ సంఖ్యను బట్టి చేసే సవరణలు ఉన్నాయి.

ఎఫ్‌సీసీ పొడి గింజ సగటు వ్యాసం మిల్లీమీటరులో పదమూడో వంతు, అంటే సుమారు 75 మైక్రోమీటర్లు. ఇలాంటి గింజ ఒక్కటే మామూలు గాలిలో పడితే చరమ వేగం సెకనుకు సుమారు 22 సెంటీమీటర్లు. పదో తరగతి పిల్లలు కాగితం మీద చేయగల లెక్క ఇది.

గుంపు చేరితే లెక్క మారుతుంది

తిరునాళ్లలో ఒంటరిగా నడిచే మనిషి ఎటైనా పోగలడు. జనం కిక్కిరిస్తే ఒక్కో అడుగుకూ ఒరుసుకుంటూ పోవాలి. గింజల మధ్య దూరే గాలి పరిస్థితీ అంతే. సందు ఇరుకయ్యేకొద్దీ గాలి వేగం పెంచుకుని దూరాలి, రెండు పక్కలా ఉన్న గింజలను ఒరుసుకోవాలి. కాబట్టి గుంపులో ఉన్న గింజ మీద ఈడ్పు, ఒంటరి గింజ మీద ఈడ్పుకన్నా చాలా ఎక్కువ.

ఎంత ఎక్కువ అన్నది ప్రయోగాలు చేసి కనుక్కున్నారు. తుర్కియేలో పుట్టిన సబ్రీ ఎర్గన్ అమెరికాలో పనిచేస్తూ, గింజలు దట్టంగా నింపిన గొట్టాల్లో పీడనం ఎంత తగ్గుతుందో చెప్పే సమీకరణాన్ని 1952లో ప్రచురించారు. 1954లో రిచర్డ్‌సన్, జాకీ ద్రవాల్లో గింజల గుంపు ఎంత నెమ్మదిగా దిగుతుందో కొలిచారు. సన్నని గింజలకు వాళ్ల సూత్రం ప్రకారం, మొత్తం చోటులో ఖాళీ భాగం సగమే ఉంటే గుంపు దిగే వేగం ఒంటరి గింజ వేగంలో 25వ వంతుకు పడిపోతుంది. 1966లో వెన్, యూ ఇలాంటి కొలతలన్నీ కలిపి, ఖాళీ భాగాన్ని బట్టి ఈడ్పు ఎలా పెరుగుతుందో ఒక సూత్రంగా ఇచ్చారు. దట్టమైన చోట ఎర్గన్, పలచటి చోట వెన్-యూ అని రెండింటినీ జోడించి వాడే పద్ధతిని షికాగోలోని ఇలినాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన దిమిత్రి గిడాస్పో ప్రచారంలోకి తెచ్చారు.

మన ఎఫ్‌సీసీ పొడికి ఈ సూత్రాలు వాడి చూద్దాం. ఒంటరి గింజను నిలబెట్టాలంటే సెకనుకు 22 సెంటీమీటర్ల గాలి కావాలి. అదే గింజలు కోట్ల సంఖ్యలో దట్టంగా ఉంటే, సెకనుకు అర సెంటీమీటరు గాలికే మొత్తం గుట్ట తేలడం మొదలవుతుంది. దాదాపు నలభై వంతు తక్కువ! ఇంతవరకూ లెక్కా ప్రయోగమూ చక్కగా కలుస్తాయి.

గాలి ఖాళీ ఎరుగు

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. మసిని కాల్చే తొట్టిలో గాలిని సెకనుకు అర సెంటీమీటరు వేగంతో ఊదరు. 60 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఊదుతారు. ఒంటరి గింజ చరమ వేగానికి ఇది మూడు నాలుగు రెట్లు. పైగా ద్రవాలకు భిన్నంగా వాయువుల స్నిగ్ధత వేడితో పెరుగుతుంది. కాబట్టి 700 డిగ్రీల దగ్గర గింజ చరమ వేగం ఇంకా తగ్గి సగమవుతుంది. పై సూత్రాలను ఉన్నదున్నట్టు నమ్మితే తొట్టిలో ఒక్క గింజా మిగలకూడదు, అంతా చిమ్నీ దారి పట్టాలి.

కానీ అలా జరగదు. కొంత పొడి పైకి ఎగురుతుంది, దాన్ని సైక్లోన్ అనే పరికరాలు గిరగిరా తిప్పి వేరుచేసి కిందికి దింపుతాయి. అడుగున మాత్రం దట్టమైన పొర నిలిచే ఉంటుంది. ఎందుకు?

గింజలు సమంగా పరుచుకుని ఉండవు కాబట్టి. కొన్ని చోట్ల గుంపులుగా, తీగలుగా, పొరలుగా చేరతాయి. కొన్ని చోట్ల దాదాపు ఖాళీ ఏర్పడుతుంది. నీరు పల్లమెరుగు అన్నట్టు గాలి ఖాళీ ఎరుగు. ఇరుకైన గుంపులోంచి కష్టపడి దూరడంకన్నా చుట్టూ ఉన్న ఖాళీ దారిలో సులువుగా పోతుంది. గుంపు లోపలి గింజలకు గాలి తగలనే తగలదు, ముందున్న గింజలు అడ్డు పడతాయి. ఫలితంగా గుంపు మొత్తం ఒక పెద్ద గింజలా ప్రవర్తిస్తుంది. పెద్ద గింజ వేగంగా పడుతుందని స్టోక్స్ ముందే చెప్పారు కదా.

ఇక్కడ రెండు గుంపులను వేరుచేసి చూడాలి. గింజలు సమంగా దట్టంగా ఉంటే ఈడ్పు పెరుగుతుంది. గింజలు అక్కడక్కడా ముద్దకట్టి, మధ్యలో ఖాళీలు వదిలితే మొత్తం మీద ఈడ్పు తగ్గుతుంది. మా తరగతుల్లో పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మైదానంలో వంద మందిని చేతికి చెయ్యి దూరంలో నిలబెట్టి వాళ్ల మధ్య పరుగెత్తమంటే కష్టం. అదే వంద మందిని నాలుగు మూలలా నాలుగు గుంపులు చేసి పరుగెత్తమంటే మధ్యలోంచి సులువుగా పోవచ్చు. మనుషులు అంతమందే, మైదానమూ అదే. మారింది వాళ్లు నిలబడిన తీరు.

కంప్యూటర్ గళ్లకు దొరకని గుంపులు

ఒక్కో గింజకూ విడిగా లెక్క వేస్తే ఈ చిక్కు రాదు కదా అనిపిస్తుంది. ఎఫ్‌సీసీ పొడి ఒక కిలోలో సుమారు 300 కోట్ల గింజలుంటాయి. వంద టన్నులకు 300 లక్షల కోట్లు. ఒక్కో గింజ మీద బలాన్ని సెకనులో వేల సార్లు లెక్కించాలంటే ఈనాటి అతి పెద్ద కంప్యూటర్లకూ సాధ్యం కాదు.

అందుకని ఇంజినీర్లు గింజల గుంపునూ ఒక ద్రవంగానే భావిస్తారు. వాయువు ఒక ద్రవం, పొడి ఇంకో ద్రవం, రెండూ ఒకదానిలో ఒకటి కలిసి పారుతూ ఈడ్చుకుంటున్నాయనుకుంటారు. తొట్టిని చిన్న చిన్న గళ్లుగా విభజించి ఒక్కో గడికి ఒక్కో లెక్క వేస్తారు. గడి లోపల గింజలు సమంగా ఉన్నాయనుకుని వెన్-యూ లాంటి సూత్రం వాడతారు.

గడి ఎంత చిన్నదిగా ఉండాలి? ఎఫ్‌సీసీ పొడిలో సన్నని గుంపులను పట్టుకోవాలంటే పది గింజల వెడల్పు, అంటే మిల్లీమీటరు లోపే ఉండాలి. పది మీటర్ల వ్యాసం, పది మీటర్ల ఎత్తు ఉన్న తొట్టిని మిల్లీమీటరు గళ్లుగా కోస్తే దాదాపు 80 వేల కోట్ల గళ్లు వస్తాయి. అదీ కుదరని పని. కాబట్టి సెంటీమీటర్ల వెడల్పు గళ్లు పెట్టుకోవలసి వస్తుంది. గుంపులూ ఖాళీలూ ఆ గడి లోపలే దాగిపోతాయి. కంప్యూటర్‌కు కనిపించేది సగటు ఒక్కటే. సగటును చూసి గింజలు సమంగా ఉన్నాయనుకుంటుంది, ఈడ్పును ఎక్కువగా లెక్కిస్తుంది, తెర మీద పొడినంతా పైకి ఎగరేస్తుంది. అసలు తొట్టిలో పొడి కిందే ఉంటుంది.

వాతావరణ శాఖవాళ్లకూ ఇదే చిక్కు ఉంది. వాళ్ల గడి కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది, దానిలో పుట్టే చిన్న మేఘం గడికి దొరకదు. అయినా వాన కురిసేది ఆ మేఘం నుంచే. అందుకని గడి లోపల ఏం జరుగుతుందో వేరే సూత్రంతో అంచనా వేస్తారు.

పొడి విషయంలోనూ అలాంటి దారులే వెతికారు. చైనా అకాడమీ ఆఫ్ సైన్సెస్‌లో లి జింగ్‌హాయ్, మూసన్ క్వాక్ ఒక పద్ధతి రూపొందించారు, దాని మీద 1994లో పుస్తకం తెచ్చారు. గడిలో ఉన్నదాన్ని దట్టమైన గుంపు, పలచటి ఖాళీ, ఆ రెండూ ఒరుసుకునే అంచు అని మూడు భాగాలుగా చూడాలన్నారు. మూడింటికీ ఈడ్పు విడివిడిగా లెక్కించి కలపాలన్నారు. గుంపు ఎంత పెద్దదో, ఎంత దట్టమైనదో తేలాలంటే ఇంకో షరతు కావాలి. గింజలేమో కిందికి చేరాలని, గాలేమో సులువైన దారిన పోవాలని చూస్తాయి. ఈ రెండిటి రాజీలో పొడిని తేల్చి ఉంచడానికి ఖర్చయ్యే శక్తి వీలైనంత తక్కువగా ఉంటుందన్నది వాళ్లు పెట్టిన షరతు.

అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్య శంకరన్ సుందరేశన్ బృందం ఇంకో దారి పట్టింది. ఆయన మద్రాసు ఐఐటీలో చదువుకున్నారు. చిన్న పెట్టె లాంటి చోటును అతి సన్నని గళ్లుగా కోసి, గుంపులన్నీ కనబడేలా లెక్క చేస్తారు. ఆ ఫలితాన్ని పెద్ద గడికి సగటు చేసి, అసలు ఈడ్పుకూ సగటును నమ్మితే వచ్చే ఈడ్పుకూ తేడా ఎంతో చూస్తారు. ఆ తేడాను సవరణగా పెద్ద తొట్టి లెక్కలో వాడతారు. రెండు దారుల్లోనూ తేలిన ముఖ్య విషయం ఒక్కటే. ముతక గడిలో ఈడ్పును బాగా తగ్గించాలి. కొన్ని చోట్ల అది పదో వంతుకు కూడా దిగుతుంది.

మరి ఇంకా తెగనిది ఏమిటి? గడి సైజు మారితే సవరణా మారుతుంది. గోడ పక్కన ఒకలా, మధ్యలో ఒకలా ఉంటుంది. అసలు పొడిలో అన్ని గింజలూ ఒకే సైజు కావు, సన్న గింజలు కాస్త ఎక్కువైతే పొర నడకే మారిపోతుంది. బాగా సన్నవైతే గింజలు ఒకదానికొకటి అంటుకుంటాయి కూడా. ఒక పొడికి, ఒక తొట్టికి కుదిర్చిన సూత్రం ఇంకో చోటికి తీసుకెళ్తే మళ్లీ సరిచూసుకోవాలి.

తప్పితే ఎవరికి నష్టం?

లెక్క తప్పితే ఏమవుతుందో చరిత్రలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. సహజవాయువు నుంచి పెట్రోలు తీయడానికి టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో హైడ్రోకాల్ అనే పెద్ద కర్మాగారం కట్టారు. ఇనుప ఉత్ప్రేరకంతో ఫ్లూయిడైజ్డ్ బెడ్ వాడారు. సన్నని గొట్టాల్లో చేసిన ప్రయోగాల్లో చక్కగా పనిచేసిన పద్ధతి పెద్ద తొట్టిలో ఆశించినట్టు పనిచేయలేదు. సన్నని గొట్టంలో బుడగ గోడను మించి పెరగలేదు. పెద్ద తొట్టిలో బుడగలు పెద్దవై, వాయువు ఉత్ప్రేరకాన్ని తాకకుండానే పైకి దాటిపోయింది. 1950ల్లోనే ఆ కర్మాగారం మూతపడింది. పెట్రోలు ధరలు లాంటి వేరే కారణాలూ ఉన్నా, చిన్నదాన్ని చూసి పెద్దదాన్ని ఊహించడం ఎంత ప్రమాదమో ఆ ఉదంతం ఇంజినీర్లకు నేర్పింది.

ఇక ప్రాణాల సంగతి. ఎఫ్‌సీసీలో పొడి గుట్ట ఉత్ప్రేరకం మాత్రమే కాదు, గోడ కూడా. ఒక పక్క నూనె ఆవిరి, ఇంకో పక్క గాలి. రెండూ కలవకుండా మధ్యలో పొడి అడ్డుగా నిలుస్తుంది. 2015 ఫిబ్రవరి 18న కాలిఫోర్నియాలోని టోరెన్స్ రిఫైనరీలో యూనిట్‌ను తాత్కాలికంగా ఆపి ఉంచినప్పుడు, ఏళ్ల తరబడి పొడి ఒరిపిడికి అరిగిన కవాటం పొడిని ఆపలేకపోయింది. అడ్డుగోడ జారిపోయింది. మండే ఆవిరి గాలి వైపు చేరి, పొగ శుభ్రపరిచే పరికరంలో పేలింది. ఆ ప్రమాదానికి గణిత సూత్రం కారణం కాదు, కవాటం, నిర్వహణ కారణం. కానీ ఏ తొట్టిలో పొడి ఎంత ఎత్తున ఉంది, ఎక్కడ గోడను అరగదీస్తోంది అన్న ప్రశ్నలు మాత్రం ఈడ్పు లెక్కతో ముడిపడినవే. ఆ యూనిట్ల కింద షిఫ్టుల్లో పనిచేసే ఆపరేటర్లు, ఫిట్టర్ల భద్రత వాటి మీద ఆధారపడి ఉంటుంది.

తమిళనాడులోని నైవేలీలో 250 మెగావాట్ల యూనిట్లు రెండు లిగ్నైట్‌ను తిరిగే ఫ్లూయిడైజ్డ్ బెడ్‌లో మండిస్తాయి. ఇలాంటి బాయిలర్లలో వేడి 850 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. బెడ్‌లో సున్నపురాయి కలిపితే గంధకం పొగతో బయటికి పోకుండా అక్కడే చాలావరకు పట్టుబడుతుంది. వేడి సమంగా పాకాలన్నా, సున్నపురాయి సరిగా పనిచేయాలన్నా గింజలు ఎక్కడ ఎంత ఉన్నాయో తెలియాలి. మళ్లీ ఈడ్పు లెక్కే.

బడిలో చేసి చూద్దాం

దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. మూడు సెంటీమీటర్ల వెడల్పు, అర మీటరు పొడవు ఉన్న పారదర్శక గొట్టం, రెండు నాజిళ్ల అక్వేరియం పంపు, దళసరి నూలు గుడ్డ, సన్నని ప్లాస్టిక్ ట్యూబు, రంగు నీళ్లు చాలు. ఇసుకను కడిగి, ఎండబెట్టి, మైదా జల్లెడతో జల్లించి కిందికి దిగిన సన్న ఇసుకే తీసుకోవాలి. ఇసుక దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. కాబట్టి కడగడం తప్పనిసరి. జల్లించేటప్పుడు పిల్లలంతా మాస్కు కట్టుకోవాలి.

గొట్టం అడుగున గుడ్డను బిగించి కట్టి, దాని కింద పంపు రెండు నాజిళ్లనూ కలిపి గాలి చొరవేయండి. గుడ్డ కింద నుంచి ఒక ట్యూబును పక్కకు తీసి, ఆంగ్ల అక్షరం యూ ఆకారంలో వంచి రంగు నీళ్లు పోయండి. అదే పీడనమాపకం. ముందు ఇసుక లేకుండా గాలి వదిలి, నీటి మట్టాల తేడా రాసుకోండి. అది గుడ్డ వల్ల వచ్చేది, తర్వాత తీసేయాలి. ఇప్పుడు పది సెంటీమీటర్ల ఎత్తు ఇసుక పోసి గాలిని మెల్లగా పెంచండి. నీటి మట్టాల తేడా పెరుగుతూ పోయి ఒక చోట ఆగిపోతుంది. అప్పుడే ఇసుక కదలడం మొదలవుతుంది. ఆ తర్వాత గాలి ఎంత పెంచినా తేడా పెద్దగా మారదు.

ఎక్కడ ఆగుతుంది? పోసిన ఇసుక సాంద్రత నీటికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది. కాబట్టి పది సెంటీమీటర్ల ఇసుకకు దాదాపు 15 సెంటీమీటర్ల నీరు. అంటే గాలి ద్వారా ఇసుక బరువును నీళ్లతో తూచామన్నమాట. ఇసుకను కాటాలో పెట్టి, గొట్టం అడ్డుకోత వైశాల్యంతో భాగించి సరిచూడమంటే పిల్లలకు పీడనం పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు.

గాలి ఇంకా పెంచితే ఇసుక గొట్టం నిండా ఒక ముద్దలా లేచి, దబ్బున పడుతుంది. బుడగ గోడలను తాకేంత పెద్దదైతే ఇలా జరుగుతుంది. పెద్ద తొట్టిలో ఇది కనబడదు. బ్రౌన్స్‌విల్‌లో దెబ్బతిన్నదీ ఇలాంటి తేడా వల్లే. చిన్న గొట్టం, పెద్ద తొట్టి ఒకటి కావని మన బల్ల మీదే చూపించవచ్చు.

ఇసుక స్థానంలో మైదా పోసి చూడండి. అది తేలదు. గాలి దాన్ని పగులగొట్టి సన్న దారి చేసుకుని పోతుంది. డెరెక్ గెల్డార్ట్ 1973లో పొడులను ఎ, బి, సి, డి అని నాలుగు రకాలుగా విభజించారు. గింజలు అంటుకునే మైదా సి రకం. ఎఫ్‌సీసీ పొడి ఎ రకం, మామూలు ఇసుక బి రకం, బఠాణీ లాంటి పెద్ద గింజలు డి రకం.

మాట దగ్గర ఆగిపోకుండా

మన పిల్లలు పదో తరగతి తెలుగులో రాసి, పాలిటెక్నిక్‌లోనో ఇంటర్‌లోనో ఒక్కసారిగా ఇంగ్లిష్ పాఠాల్లోకి వెళ్తారు. అక్కడ డ్రాగ్, విస్కాసిటీ, టెర్మినల్ వెలాసిటీ అన్న మాటలు వినగానే కొత్త విషయమేదో వచ్చిందని భయపడతారు. మేం తరగతిలో రెండు మాటలూ పక్కపక్కన రాయిస్తాం. డ్రాగ్ అంటే ఈడ్పు, విస్కాసిటీ అంటే స్నిగ్ధత, టెర్మినల్ వెలాసిటీ అంటే చరమ వేగం, క్యాటలిస్టు అంటే ఉత్ప్రేరకం. మాట మారినా చేటలోంచి జారే గింజ అదే అని తెలిస్తే భయం సగం పోతుంది.

ముందుకు వెళ్లాలనుకునేవాళ్లకు దారులు దగ్గర్లోనే ఉన్నాయి. తిరుచిరాపల్లి, సూరత్కల్, రూర్కెలా, వరంగల్ ఎన్ఐటీల్లో కెమికల్ ఇంజినీరింగ్ ఉంది. అమెరికా ఇంధన శాఖ ప్రయోగశాల తయారుచేసిన ఎంఫిక్స్ అనే ప్రోగ్రాం వాయువు, గింజల ప్రవాహాలను లెక్కిస్తుంది. అది ఉచితంగా దొరుకుతుంది. ఇంజినీరింగ్ రెండో, మూడో ఏడాది విద్యార్థి మామూలు కంప్యూటర్ మీదే దానిలో చిన్న బెడ్‌ను నడిపి, గడి సైజు మారిస్తే జవాబు ఎలా మారుతుందో స్వయంగా చూడవచ్చు.

ఈ వారం ప్రశ్నలు

1. గింజ వ్యాసం సగమైతే, స్టోక్స్ సూత్రం ప్రకారం చరమ వేగం ఎంతవుతుంది?

2. గొట్టంలో ఇసుక ఎత్తు 20 సెంటీమీటర్లకు పెంచితే నీటి మట్టాల తేడా ఎంత ఉండాలి? గొట్టం వెడల్పు రెట్టింపైతే ఈ జవాబు మారుతుందా?

3. వడ్లను చేటలోంచి సన్నగా జారవిడుస్తారు కానీ ఒకేసారి కుమ్మరించరు. ఎందుకు? గుంపు గురించి చదివినదాన్ని గుర్తుచేసుకుని, మీ ఇంట్లో తూర్పారబట్టిన అనుభవం ఉన్న పెద్దవాళ్లను అడిగి రాయండి.